ముందు ఆడండి, తర్వాత కొనండి: మెల్‌బోర్న్ నేర్పిన టెన్నిస్ పాఠం

మెల్‌బోర్న్‌లో దిగిన రెండో రోజే టెన్నిస్ రాకెట్ కొన్నాను. ఆరో రోజుకి కుడి మోచెయ్యి పట్టేసింది. అక్క పురిటికని అమ్మకి తోడుగా వెళ్ళిన వాణ్ణి, పాపని కూడా ఎత్తుకోలేక సోఫాలో ఐస్ ప్యాక్ పెట్టుకుని కూర్చున్నాను. "మనం వచ్చింది మీ అక్కకి సాయం చెయ్యడానికా, నీకు చేయించుకోడానికా?" అని అమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మనలో చాలామంది ఇంటర్న్‌షిప్ అనో, ఎంఎస్ అనో, బంధువుల ఇంటికనో ఎప్పుడో ఒకప్పుడు విదేశం వెళ్తాం. అక్కడ టెన్నిస్ ఆడాలనిపిస్తే నేను చేసిన తప్పులు మీరు చెయ్యకుండా ఉండాలని ఈ వ్యాసం.

1. బూట్ల కింద మట్టి

నేను టెన్నిస్ నేర్చుకుంది మట్టి కోర్టులో. నా బూట్ల అడుగున గాడుల నిండా ఎర్రమట్టి. ఆస్ట్రేలియాలో దిగే ముందు విమానంలో ఒక కార్డు ఇస్తారు. మట్టి అంటిన ఆటసామాను, బూట్లు ఉన్నాయా అని అందులో ఒక ప్రశ్న. మట్టితో పాటు తెగుళ్ళు, కలుపు విత్తనాలు తమ దేశంలోకి రాకూడదని వాళ్ళ జాగ్రత్త. నేను "ఉన్నాయి" అని టిక్ పెట్టాను. ఆఫీసర్ బూట్లు తిప్పి చూసి, లోపలికి తీసుకెళ్ళి శుభ్రం చేసి తిరిగిచ్చాడు. దాచిపెట్టి దొరికితే మాత్రం జరిమానా ఉంటుంది. ఇంటి దగ్గరే పాత టూత్‌బ్రష్‌తో గాడులు కడిగి, ఆరబెట్టి సర్దుకుంటే ఈ తిప్పలేదీ ఉండదు.

అన్నట్టు, మన ఎండాకాలం సెలవులు వాళ్ళకి చలికాలం. జూన్‌లో సాయంత్రం ఐదింటికల్లా చీకటి పడుతుంది. లైట్ల కింద ఆడాలంటే చాలా చోట్ల అదనంగా కట్టాలి. అందుకే మధ్యాహ్నం ఆడుకోవడం మేలు.

2. రాకెట్ మీద అంకెలు

షాపులో నేను చూసింది రెండే: రంగు, డిస్కౌంట్. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఇన్‌స్టాల్ చేసే ముందు సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ చూస్తాం కదా. రాకెట్ మీద అంకెలు కూడా అలాంటివే. ఇక్కడ సిస్టమ్ అంటే మన చెయ్యి.

పొడవు: పెద్దవాళ్ళ రాకెట్ మామూలుగా 27 అంగుళాలు. రూల్ ప్రకారం 29 దాటకూడదు.

తల వైశాల్యం: 100 చదరపు అంగుళాలు చాలామందికి సరిపోతుంది. తల పెద్దదైతే బంతి కాస్త పక్కన తగిలినా రాకెట్ క్షమిస్తుంది.

బరువు: 300 గ్రాములని రాసి ఉంటే, అది సాధారణంగా స్ట్రింగ్స్ లేకుండా తూచిన బరువు. స్ట్రింగ్స్ వేశాక పదిహేను గ్రాములు పెరుగుతుందనుకోండి.

గ్రిప్: నేను బోల్తా పడింది ఇక్కడే. గ్రిప్ 2 అంటే చుట్టుకొలత నాలుగుంపావు అంగుళాలు, గ్రిప్ 4 అంటే నాలుగున్నర. తేడా పావు అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ చేతికి సరిపోని లావు పిడిని గట్టిగా బిగించి పట్టుకోవాల్సి వస్తుంది, ఆ బిగింపంతా మోచేతి మీద పడుతుంది. నాకు కావాల్సింది 2. డిస్కౌంట్‌లో మిగిలింది 4.

సరిచూసుకోవడం తేలికే. రాకెట్ పట్టుకున్నాక వేళ్ళ కొసలకీ అరచేతికీ మధ్య సందులో రెండో చేతి చూపుడువేలు సరిగ్గా ఇమడాలి. వేలు దూరకపోతే గ్రిప్ చిన్నది, ఇంకా ఖాళీ మిగిలితే పెద్దది. అనుమానం వస్తే చిన్నదే తీసుకోండి. ఓవర్‌గ్రిప్ చుట్టి లావు పెంచుకోవచ్చు, లావుదాన్ని సన్నం చెయ్యడం కష్టం.

3. గట్టింగ్

నేను కొన్న రాకెట్‌కి పాలిస్టర్ స్ట్రింగ్స్, 58 పౌండ్ల టెన్షన్. కొన్ని దేశాల్లో పౌండ్లలో చెప్తారు, కొన్ని చోట్ల కిలోల్లో. 58 పౌండ్లంటే సుమారు 26 కిలోలు. టెన్షన్ ఎక్కువైతే బంతి మీద అదుపు పెరుగుతుంది, తక్కువైతే బంతి దానంతటదే దూరం పోతుంది. పాలిస్టర్ గట్టి రకం. బలంగా కొట్టి స్పిన్ తిప్పేవాళ్ళకి బాగుంటుంది. నాలాంటి వాళ్ళకి దెబ్బ తాలూకు అదురు చేతిలోకి వస్తుంది. మల్టీఫిలమెంట్, సింథటిక్ గట్ మెత్తగా ఉంటాయి. మోచెయ్యి నొప్పి ఉంటే మెత్తని స్ట్రింగ్స్, తక్కువ టెన్షన్ అడగండి.

4. కోర్టు మారితే ఆట మారుతుంది

అక్క వాళ్ళ ఇంటి దగ్గర క్లబ్‌లో రెండు రకాల కోర్టులున్నాయి. ఒకటి హార్డ్ కోర్టు. రెండోది ఎర్రటి పొడి పరిచిన కోర్టు. దాన్ని అక్కడ 'ఆన్ టూ కా' అంటారు. ఫ్రెంచ్‌లో ఆ మాటకి 'ఏదేమైనా సరే' అని అర్థం. పొడి కోర్టులో బంతి నెమ్మదిస్తుంది, కాలు జారుతూ ఆడొచ్చు. హార్డ్ కోర్టులో బంతి త్వరగా వచ్చేస్తుంది, కాలు జారదు, పట్టేస్తుంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య కోర్టుల వేగాన్ని ఐదు తరగతులుగా విభజించింది. నేను రెండు తరగతులకే తడబడ్డాను.

చాలా క్లబ్బుల్లో కోర్టు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. కొన్ని చోట్ల గేటు తెరవడానికి ఫోన్‌కే ఒక నంబర్ వస్తుంది. ఆస్ట్రేలియన్ ఓపెన్ జరిగే మెల్‌బోర్న్ పార్క్‌లో కూడా మామూలు జనం డబ్బు కట్టి ఆడుకునే కోర్టులున్నాయి. మన సానియా మీర్జా 2009లో మహేశ్ భూపతితో మిక్స్‌డ్ డబుల్స్, 2016లో మార్టినా హింగిస్‌తో డబుల్స్ టైటిల్ గెలిచింది ఆ ఆవరణలోనే.

మర్యాదలు కూడా నేర్చుకోవాలి. పక్క కోర్టులో పాయింట్ నడుస్తుంటే వెనకనుంచి దాటకూడదు. పొడి కోర్టులో ఆట అయ్యాక పట్టా లాగి కోర్టుని చదును చేసి వెళ్ళాలి. అంపైర్ లేని ఆటలో బంతి బయట పడిందో లేదో తేలకపోతే అది లోపలే పడినట్టు. మట్టి మీద గుర్తు చూసి వాదించే అలవాటున్న నాకు, గుర్తు పడని హార్డ్ కోర్టులో ఇది కొత్త.

5. బిల్లు ఎవరి పేరు మీద?

ఆస్ట్రేలియాలో ఒకే వ్యాపారి దగ్గర 300 డాలర్లు, ఆపైన కొంటే, దేశం వదిలే ముందు ఎయిర్‌పోర్టులో జీఎస్టీ వెనక్కి అడగొచ్చు. ప్రయాణానికి ముందు 60 రోజుల్లోపు కొని ఉండాలి. ట్యాక్స్ ఇన్వాయిస్ ఉండాలి, వస్తువు చూపించాలి. జీఎస్టీ 10 శాతం. కానీ అది ధరలో కలిసే ఉంటుంది కాబట్టి 11తో భాగించాలి. అంటే 330 డాలర్లకి 33 కాదు, 30 వస్తాయి.

నా రాకెట్, ఓవర్‌గ్రిప్‌లు కలిపి 310 డాలర్లు. 28 డాలర్లు రావాలి. రాలేదు. ఎందుకంటే కొన్నవాళ్ళే, తమ డబ్బుతో కొన్నవాళ్ళే అడగాలి. నా రాకెట్‌కి కార్డు గీకింది బావ. "పోనీలేరా" అన్నాడు గానీ, అప్పుడు ఆయన ఇంట్లో ప్రతి డాలరూ డైపర్లకీ డాక్టర్‌కీ లెక్క చూసుకుంటున్న సంగతి నాకు తెలుసు.

చివరికి ఏమైంది?

వాడిన రాకెట్‌ని షాపువాళ్ళు వెనక్కి తీసుకోలేదు. పది రోజులు చేతికి విశ్రాంతి ఇచ్చాను. తర్వాత క్లబ్‌లో ఒక పెద్దాయన తన పాత రాకెట్ ఆడి చూడమని ఇచ్చారు. గ్రిప్ 2, మెత్తని స్ట్రింగ్స్, 50 పౌండ్లు. పెయింట్ అంతా ఊడిపోయిన ఆ రాకెట్‌తో మిగిలిన మూడు వారాలు నొప్పి లేకుండా ఆడాను. ఆయన దగ్గరే తెలిసింది, అక్కడ చాలా టెన్నిస్ షాపుల్లో కొనే ముందు ఆడి చూడటానికి డెమో రాకెట్లు కూడా ఇస్తారని. నేను అడగనేలేదు.

వచ్చే ముందు ఒక రోజు నా కొత్త రాకెట్ బావ చేతికిచ్చి వేలు పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. ఎప్పుడూ టెన్నిస్ ఆడని మనిషి, ఇప్పుడు ఆదివారం పొద్దున్నే క్లబ్‌కి వెళ్తున్నాడట. అక్క ఫోన్‌లో నన్నే తిడుతోంది.

నేను మాత్రం మూడు అంకెలు రాసుకుని వచ్చాను: 100, 2, 50. ఇక్కడ ఒక సీనియర్ దగ్గర ఆ కొలతలున్న పాత రాకెట్ దొరికింది. రెండు సాయంత్రాలు అడిగి తీసుకుని ఆడాను. మూడో రోజు డబ్బులిచ్చాను.