నా కంచంలో ఏముంది?



మనం చదవడం నేర్చుకున్నాం. రాయడం నేర్చుకున్నాం. పాల లెక్క రాస్తున్నాం. పొదుపు లెక్క రాస్తున్నాం. మరి మనం ఏం తింటున్నామో ఎప్పుడైనా రాశామా?

మా కేంద్రానికి ఒక అక్క వస్తుంది. పగలు కూలిపనికి పోతుంది. ఇంట్లో భర్త, అత్త, ఇద్దరు పిల్లలు.

"టీచరమ్మా, సరుకులకు బోలెడు డబ్బు పోతోంది. అయినా నా ఒంట్లో సత్తువ లేదు. పుస్తకం పడితే కళ్లు తిరుగుతున్నాయి" అంది ఒకరోజు.

"ఏం తెస్తున్నారో, ఎవరు ఏం తింటున్నారో ఒక వారం రాసి చూడు అక్కా" అన్నాను.

వాళ్ల అమ్మాయి పదో తరగతి చదువుతోంది. ఫోనులో లెక్క రాసుకునే యాప్ ఒకటి పెట్టి ఇచ్చింది. యాప్ అంటే ఏమిటి? ఫోనులో ఒక్కో పనికి ఒక్కో బొమ్మ ఉంటుంది. బొమ్మ నొక్కితే ఆ పని చేసుకోవచ్చు. అదే యాప్.

ఎలా రాయాలి?

1. సరుకు తెచ్చిన రోజే రాయాలి. పేరు, తూకం, ధర రాయాలి.
2. ప్రతి పూటా ఏం వండామో రాయాలి.
3. ఎవరు ఏం తిన్నారో రాయాలి. మన పేరు మరిచిపోకూడదు.

అక్షరాలు నొక్కడం కష్టంగా ఉందా? మైకు బొమ్మ నొక్కి తెలుగులో చెప్పండి. ఫోనే రాస్తుంది. తప్పు పడితే దిద్దుకోండి. బ్యాంకు నంబరు, ఓటీపీ అడిగితే మాత్రం ఇవ్వొద్దు. ఫోను లేకపోతే నోటుపుస్తకం చాలు.

వారం గడిచింది. అక్క ఫోను తెచ్చింది. కూడబలుక్కుంటూ తనే చదివింది.

"సోమవారం రాత్రి. పిల్లలు: అన్నం, పప్పు, గుడ్డు. ఆయన: అన్నం, పప్పు, గుడ్డు. అత్తమ్మ: అన్నం, పప్పు. నేను: అన్నం, పచ్చడి."

"మంగళవారం రాత్రి. నేను: అన్నం, పచ్చడి."

చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"పప్పు వండింది నేనే టీచరమ్మా. ఏడు రోజుల్లో రెండుసార్లే నా కంచంలోకి వచ్చింది. గుడ్డు ఒక్కసారీ రాలేదు."

రాసేదాకా ఆ సంగతి ఆమెకే తెలీదు. అందరూ తిన్నాక తినడం మనకు అలవాటు. గిన్నె అడుగున ఏది మిగిలితే అదే మన కూర.

ఇది ఒక్క ఇంటి మాట కాదు. 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100కి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అలసట, ఆయాసం, కళ్లు తిరగడం దాని గుర్తులు.

రక్తానికి ఇనుము కావాలి. ఆకుకూరలు, పప్పులు, మాంసంలో ఇనుము ఉంటుంది. నిమ్మకాయ, జామ, ఉసిరి తింటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే సరిగా పట్టదు.

లెక్కలో ఇంకోటి బయటపడింది. చిప్స్ పొట్లాలకు, కూల్‌డ్రింకులకు పదీ పదీ చొప్పున వారంలో 180 రూపాయలు పోయాయి. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ గుడ్లు వచ్చేవి!

ఆ రాత్రి అక్క అందరినీ ఒకేసారి కూర్చోమంది. తనూ కూర్చుంది. "ఇదేం కొత్త పద్ధతి?" అంది అత్త. అమ్మాయి ఫోను తీసి వారం లెక్క చదివింది. ఎవరూ మాట్లాడలేదు. భర్త పప్పుగిన్నె ఆమె వైపు జరిపాడు.

మర్నాడు అక్క ఆరోగ్య కేంద్రానికి పోయి రక్తపరీక్ష చేయించుకుంది. ఐరన్ మాత్రలు ఇచ్చారు. వాటినీ రోజూ లెక్కలో రాస్తోంది.

అంగన్‌వాడీలలో పోషణ్ ట్రాకర్ అనే యాప్ ఉంది. 2021లో వచ్చింది. పసిపిల్లల బరువు, ఎత్తు అందులో రాస్తారు. పిల్లల లెక్క అంగన్‌వాడీ టీచరు రాస్తుంది. మన కంచం లెక్క మనమే రాసుకోవాలి.

ప్రశ్నలు

1. అక్కకు సత్తువ ఎందుకు లేదు?
2. ఇనుము వేటిలో ఉంటుంది?
3. మీ ఇంట్లో చివరగా ఎవరు తింటారు? ఎందుకు?

లెక్క చేయండి

పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల కంటే ఎక్కువ ఉప్పు మంచిది కాదు. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లు ఉంటే 30 రోజులకు ఎన్ని గ్రాములు? మీ ఇంట్లో నెలకు ఎంత అవుతోంది?

రాయండి

నిన్న రాత్రి ఇంట్లో ఎవరు ఏం తిన్నారో రాయండి. మొదట మీ పేరు రాయండి.