రిపోర్టు బాగుంది, మరి ఈ ఆయాసం సంగతేమిటి?

"ఊపిరితిత్తుల్లో కొంచెం తేడా ఉంది. మైల్డే, కంగారుపడకండి."

డాక్టరు ఈ మాట అనగానే చాలామంది రెండు నిర్ణయాలు తీసేసుకుంటారు. జబ్బు లేనట్టే అనుకోవడం ఒకటి. మెట్లెక్కితే వస్తున్న ఆయాసం గురించి ఇక నోరెత్తకూడదనుకోవడం రెండోది. మొదటిది సగం పొరపాటు. రెండోది పూర్తిగా పొరపాటు.

కాగితం మీది అంకె ఒకటి చెబుతుంది, రెండో అంతస్తు ఎక్కే ఒళ్ళు ఇంకొకటి చెబుతుంది. రెండూ కలవకపోతే మనం ముందుగా అనుమానించేది ఒంటినే. "వయసొచ్చింది కదా", "ఈమధ్య లావయ్యాను", "నా భ్రమేమో" అని సర్దిచెప్పుకుంటాం. ఇంట్లోవాళ్ళు కూడా "రిపోర్టు బాగానే ఉందిగా, ఇంకా ఏంటి?" అంటారు. ఆ మాటతో నోరు పూర్తిగా మూతపడుతుంది. రిపోర్టుకీ ఒంటికీ కుదరడం లేదన్న సంగతిని సిగ్గుపడకుండా, తగ్గించకుండా డాక్టరు ముందు పెట్టగలగాలి. ఆ నేర్పు అందరికీ పుట్టుకతో రాదు. అలవాటు చేసుకుంటే వస్తుంది.

ఆయాసాన్ని దాచడంలో మనం ఎంత ఆరితేరామో చూడండి. మెట్ల మలుపులో ఆగి జేబులోంచి ఫోన్ తీస్తాం. ఏదో మెసేజ్ వచ్చినట్టు కాసేపు చూసి, ఊపిరి కుదుటపడ్డాక మళ్ళీ ఎక్కుతాం. రైతుబజారులో సంచీ కింద పెట్టి, కొనే ఉద్దేశం లేకపోయినా వంకాయల ధర అడుగుతాం. పక్కనవాళ్ళతో కలిసి నడిచేటప్పుడు మాటలు తగ్గించి తలూపుతూ ఉంటాం, మాట్లాడితే ఊపిరి చాలదు మరి. దండెం మీద తడిబట్టలు ఆరేసే పని మెల్లగా కోడలి చేతికి వెళ్ళిపోతుంది. ఆ పనిలోనే ఎందుకంత ఆయాసమంటే, చేతులు పైకెత్తినప్పుడు మెడ, భుజాల కండరాలు అటు పనిలో పడతాయి. మామూలుగా అవే శ్రమ వేళ ఊపిరికి సాయం చేస్తాయి. వాకిట్లో వంగి పెట్టే ముగ్గు పోయి స్టిక్కర్ ముగ్గు వస్తుంది. పొద్దున్నే పార్కుకు వెళ్ళడం మానేసి "మోకాళ్ళ నొప్పులు" అని చెబుతాం.

ఆరు నెలల తర్వాత డాక్టరు "ఆయాసం వస్తోందా?" అని అడుగుతారు. "లేదండీ, బాగానే ఉంది" అంటాం. అది అబద్ధం కూడా కాదు. ఆయాసం తెచ్చే పనులన్నీ మానేశాం కాబట్టి ఆయాసం రావడం లేదు. ఫైల్లో "లక్షణాలు లేవు" అని రాసుకుంటారు. ఈలోగా వాడని కాళ్ళ కండరాలు నీరసపడతాయి. అలాంటి కండరాలు కొద్దిపాటి పనికే లాక్టిక్ ఆమ్లాన్ని ఎక్కువగా విడుదల చేస్తాయి, దాంతో ఊపిరి ఇంకా వేగంగా తీయాల్సి వస్తుంది. నిరుడు రెండో అంతస్తులో వచ్చిన ఆయాసం ఈ ఏడు మొదటి అంతస్తులోనే వస్తుంది. స్వల్పమైన జబ్బు ఉన్న మనిషి జీవితం ఇలా ఎవరికీ తెలియకుండా చిన్నదైపోతుంది. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

పరీక్ష ఏం చూస్తుంది, ఏం చూడదు

స్పైరోమెట్రీ ఎలా చేస్తారో గుర్తు తెచ్చుకోండి. కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి గొట్టంలోకి ఒక్క ఊపున ఊదమంటారు. "ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా" అని టెక్నీషియన్ పక్కనే ఉండి తొందరపెడతారు. మొదటి సెకనులో ఎంత గాలి వచ్చింది, మొత్తం ఎంత వచ్చింది అన్నది లెక్క. గాలిగొట్టాలను తెరిచే మందు పీల్చాక కూడా మొదటి సెకను గాలి మొత్తంలో 70 శాతం కన్నా తక్కువగా ఉంటే అది సీఓపీడీ వైపు, అంటే గాలిగొట్టాలు సన్నబడిపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు వైపు చూపిస్తుంది. ఆ మొదటి సెకను గాలి మీ వయసుకీ ఎత్తుకీ ఉండాల్సిన దాంట్లో 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే స్వల్పం అంటారు. చాలా ఉపయోగకరమైన పరీక్ష. కానీ అది కూర్చున్న మనిషికి చేసే పరీక్ష. మీ ఆయాసమేమో మెట్ల మీద వస్తోంది.

ఇంకో సంగతి ఉంది. ఊపిరితిత్తుల్లో రెండు మిల్లీమీటర్ల కన్నా సన్నని గాలిగొట్టాలు వేలకొద్దీ ఉంటాయి. అవి పాడవుతున్నా ఈ పరీక్షలో పెద్దగా తేడా తెలియదు. అందుకే అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త జెరీ మీడ్ 1970లోనే ఈ సన్నని గొట్టాల భాగాన్ని ఊపిరితిత్తుల 'నిశ్శబ్ద ప్రాంతం' అన్నారు. కెనడాలోని వాంకూవర్ పరిశోధకులు ఊపిరితిత్తుల నమూనాలను అతి సూక్ష్మమైన స్కానింగ్‌తో లెక్కపెట్టి 2018లో ఒక విషయం బయటపెట్టారు. స్వల్ప సీఓపీడీ ఉన్నవారిలో కూడా చివరి గాలిగొట్టాలు దాదాపు 40 శాతం కనిపించకుండా పోయాయి. 'మైల్డ్' అని రాసిన కాగితం వెనక ఇంత నష్టం ఉండొచ్చు. ఇక ఆయాసం వస్తోందంటే ఆశ్చర్యమేముంది?

మెట్లెక్కేటప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. సిటీ బస్సులో దిగేవాళ్ళు దిగకముందే ఎక్కేవాళ్ళు తోసుకొస్తే ఎవరికీ చోటు దొరకదు కదా. ఇక్కడా అంతే. శ్రమ పెరిగితే ఊపిరి వేగం పెరుగుతుంది, గాలి బయటికి పోయే వ్యవధి తగ్గుతుంది. సన్నబడిన గొట్టాల్లోంచి పాత గాలి పూర్తిగా పోకముందే కొత్త ఊపిరి మొదలవుతుంది. ఊపిరితిత్తులు ఉబ్బి ఉండిపోతాయి. "గాలి లోపలికి అందడం లేదు" అని మనకు అనిపిస్తుంది గానీ, చిక్కంతా బయటికి పోవడంలో ఉంది. మెదడు అడిగినంత ఊపిరి ఛాతీ ఇవ్వలేకపోతుంది. ఆ తేడానే మనకు ఆయాసంగా తెలుస్తుంది. కాబట్టి వేలికి పెట్టిన ఆక్సీమీటరు ఆక్సిజన్ 97 శాతం అని చూపిస్తున్నా ఆయాసం నిజమే కావచ్చు. కోవిడ్ తర్వాత ఇంటింటికీ ఆక్సీమీటరు వచ్చింది. దాన్ని చూపించి "నీకేం లేదు" అని తేల్చేయడం కూడా అప్పటి నుంచే మొదలైంది. ఆ తీర్పు ఆక్సీమీటరు ఇవ్వలేదు.

రెండో కారణం రక్తనాళాల్లో ఉంది. గాలి చేరినచోటికి సన్నని రక్తనాళాల్లోంచి రక్తం సరిగా చేరకపోతే ఆ ఊపిరి వృథా. అప్పుడు అదే నడకకు ఇతరుల కన్నా ఎక్కువ గాలి పీల్చాల్సి వస్తుంది. కెనడాలోనే అల్బర్టా పరిశోధకులు స్వల్ప సీఓపీడీ ఉన్నవారికి, ఊపిరితిత్తుల రక్తనాళాలను విప్పార్చే నైట్రిక్ ఆక్సైడ్ వాయువును వ్యాయామం చేస్తుండగా పీల్పించి చూశారు. 2021లో వచ్చిన ఆ అధ్యయనంలో వారికి ఆయాసం తగ్గింది, ఇంకాస్త ఎక్కువ శ్రమ చేయగలిగారు. ఇంట్లో వాడే మందు కాదది. అయితే ఆ అధ్యయనం ఒకటి మాత్రం తేల్చింది: స్వల్ప జబ్బులో వచ్చే ఆయాసానికి శరీరంలోనే కారణం ఉంది, అది మనసు కల్పించుకున్నది కాదు.

కొలిచి చెప్పండి

"కొంచెం ఆయాసంగా ఉంటోందండీ" అంటే డాక్టరు చేయగలిగింది తక్కువ. ఆ 'కొంచెం' మీకొకటి, ఆయనకొకటి. గనుల్లో దుమ్ము పీల్చి జబ్బుపడ్డ వేల్స్ బొగ్గు కార్మికుల మధ్య పనిచేసిన బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ ఫ్లెచర్ ఈ ఇబ్బందికి గత శతాబ్దం మధ్యలోనే దారి చూపించారు. ఆయన అడిగిన ప్రశ్నలన్నీ బతుకులోంచి తీసినవే. బాగా కష్టపడితేనే ఆయాసమా? గబగబా నడిచినా, చిన్న ఎత్తు ఎక్కినా వస్తోందా? ఆయాసం వల్ల మీ ఈడువాళ్ళకన్నా నెమ్మదిగా నడుస్తున్నారా? వంద మీటర్లకే ఆగాల్సి వస్తోందా? బట్టలు మార్చుకున్నా రొప్పు వస్తోందా? ఛాతీ వైద్యులు ఈ రోజుకీ ఈ మెట్లతోనే ఆయాసాన్ని సున్నా నుంచి నాలుగు దాకా కొలుస్తారు.

కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఒక చిన్న కాగితం మీద రాసుకోండి. ఏ పని చేస్తే వస్తోంది, ఎన్నో మెట్టు దగ్గర ఆగుతున్నారు, ఎంతసేపటికి తగ్గుతోంది. పోయిన సంక్రాంతికి చేసి ఇప్పుడు మానేసిన పనులేమిటి? ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. దీనికి సమాధానం మీకన్నా మీ ఇంట్లోవాళ్ళే సరిగ్గా చెబుతారు, అడగండి.

డాక్టరు దగ్గర ఇంకో మాట తప్పకుండా అడగాలి. "ఊపిరితిత్తుల్లో ఉన్న తేడా ఈ ఆయాసానికి సరిపోతుందా, ఇంకేదైనా కారణం ఉందా?" ఇలా అడగడం డాక్టరును ప్రశ్నించడం అనుకోకండి, మంచి వైద్యులు ఈ ప్రశ్నను ఇష్టపడతారు. రక్తహీనత ఉండొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. హిమోగ్లోబిన్ పరీక్ష ఏ ఊళ్ళోనైనా చేస్తారు, ఖర్చూ తక్కువే. గుండె బలహీనత కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, బరువు కావచ్చు, ఆందోళనతో ఊపిరి వేగంగా తీసే అలవాటు కావచ్చు. ఒకటికి రెండు కలిసి ఉండటమూ మామూలే. ఈసీజీ, ఎకో చేసినా విషయం తేలకపోతే, ఆరు నిమిషాలు నడిపించి ఆక్సిజన్ చూసే పరీక్ష ఉంది. ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతోందో చూసే డీఎల్‌సీఓ పరీక్ష ఉంది. పెద్ద ఆసుపత్రుల్లో సైకిలు తొక్కిస్తూ ఊపిరినీ గుండెనూ ఒకేసారి కొలిచే పరీక్ష ఉంది. ఆయాసం వచ్చే సమయంలోనే దాని కారణాన్ని వెతికేది ఈ చివరి పరీక్షే.

మళ్ళీ నడకలోకి

గుండెకు ప్రమాదం లేదని డాక్టరు చెప్పాక నడక మొదలుపెట్టండి. సున్నా నుంచి పది దాకా ఆయాసాన్ని మీరే లెక్క వేసుకోండి. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ ఇచ్చిన కొలత ఇది. మూడు, నాలుగు దగ్గర నడవండి. అంటే ఆయాసం తెలుస్తూ ఉండాలి, చిన్న చిన్న మాటలు మాట్లాడగలిగేలా ఉండాలి. ఐదు దాటితే ఆగండి, తగ్గాక మళ్ళీ సాగండి. ఆగడం ఓటమి అనుకునేవాళ్ళే ముందుగా నడక మానేస్తారు. ఆగి ఆగి నడిచేవాళ్ళు వారం వారం దూరం పెంచుకుంటారు.

ముక్కుతో పీల్చండి, పెదవులు కాస్త దగ్గరగా చేసి అంతకు రెట్టింపు సేపు నెమ్మదిగా నోటితో వదలండి. లోపల ఇరుక్కున్న గాలి బయటికి పోవడానికి వ్యవధి దొరుకుతుంది. బియ్యం బస్తా జరిపేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు, కష్టం ఉన్న క్షణంలోనే గాలి వదలండి. ఊపిరి బిగబట్టి బరువెత్తే అలవాటు మనకు చాలా ఎక్కువ, దాన్ని మానండి. రొప్పు ఎక్కువైతే గోడకో బల్లకో చేతులు ఆనించి కొద్దిగా ముందుకు వంగి నిలబడండి.

"ఈసారి అలిపిరి నుంచి నడిచొస్తాను స్వామీ" అని మొక్కుకున్నవాళ్ళు ఎందరో ఉంటారు. తిరుమల కొండకు ఆ దారిలో 3,550 మెట్లు. మొక్కు గొప్పదే, కానీ మీ శిక్షణకు మొదటి మెట్టు అది కాకూడదు. మీ వీధి చివరి దాకా వెళ్ళి రావడమే ఈ నెల మొక్కు అనుకోండి. కొండ సంగతి మీ డాక్టరుతో మాట్లాడాక చూద్దాం.

ఇన్‌హేలర్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుంది", "అది ఆఖరి మందు" అనేవి మనవాళ్ళలో బాగా పాతుకుపోయిన నమ్మకాలు. రెండూ తప్పే. ఇన్‌హేలర్ మత్తుమందు కాదు. మందును నేరుగా గాలిగొట్టాల్లోకి పంపే పద్ధతి, అందుకే తక్కువ మోతాదు సరిపోతుంది. పెళ్ళిలో నలుగురి ముందు తీయాలంటే నామోషీగా ఉందని జేబులోనే పెట్టుకుని రొప్పుతూ కూర్చోకండి. కళ్ళజోడు పెట్టుకోవడానికి లేని సిగ్గు దీనికెందుకు? సిగరెట్టు, బీడీ, చుట్ట మాత్రం మానాల్సిందే, ఇందులో బేరం లేదు.

కొన్ని లక్షణాలు వస్తే రాసుకుని కూర్చోకూడదు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్ళె‌లో రక్తం, నీలిరంగుకు తిరిగిన పెదవులు, కళ్ళు తిరిగి పడిపోవడం కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయండి. పడుకుంటే ఊపిరాడకపోవడం, పాదాల వాపు ఉంటే రేపటి దాకా ఆగకుండా డాక్టరును కలవండి.

చివరగా, జీవితంలో ఒక్క సిగరెట్టూ తాగనివాళ్ళ గురించి. కట్టెల పొయ్యి, పిడకల పొయ్యి ముందు దశాబ్దాల పాటు వండిన ఆడవాళ్ళు మన ఊళ్ళలో ఇంటికొకరుంటారు. ఆ పొగ కూడా సీఓపీడీ తెస్తుంది. గ్యాసు పొయ్యి వచ్చి ఎన్నేళ్ళయినా అప్పటి నష్టం అలాగే ఉంటుంది. వాళ్ళు తమ ఆయాసాన్ని ఎవరికీ చెప్పరు. చెప్పాల్సిన విషయమని కూడా అనుకోరు. మీ ఇంట్లో అలాంటి అమ్మో, అత్తయ్యో, నాయనమ్మో మునుపటికన్నా నెమ్మదిగా నడుస్తుంటే "వయసు" అని వదిలేయకండి. ఈ నెలలోనే పక్కన కూర్చుని అడగండి, స్పైరోమెట్రీ చేయించండి, హిమోగ్లోబిన్ కూడా చూపించండి.