నాగరత్నమ్మ పాట సంపాదన ఎక్కడికి పోయింది?

రాప్తాడులో హైవే ఎక్కితే నేరుగా బెంగళూరే. మనలో చాలామంది ఉద్యోగం కోసం చూసేది కూడా అటువైపే. ఆ ఊరి పేరు తన పేరు ముందు పెట్టుకున్న గాయని ఒకావిడ ఉన్నారు, బెంగళూరు నాగరత్నమ్మ. కర్ణాటక సంగీతం వినేవాళ్లకి ఆవిడ తెలుసు. తెలుగు సాహిత్యం చదివేవాళ్లకి కూడా ఆవిడ ఎందుకు తెలియాలో చెప్పడానికే ఈ వ్యాసం.

1878లో మైసూరు దగ్గర నంజనగూడులో, దేవదాసీ కుటుంబంలో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి. సంస్కృతం, కన్నడం, తెలుగు చిన్నప్పుడే వచ్చాయి. బెంగళూరులో మునుస్వామప్ప దగ్గర నేర్చుకున్న సంగీతం త్యాగరాజు శిష్యపరంపరది. మైసూరు ఆస్థానంలో పాడారు, తర్వాత మద్రాసు చేరారు. కచేరీలు, గ్రామఫోను రికార్డులు, బాగా సంపాదన. ఇంతవరకే అయితే పేరున్న గాయనుల్లో ఒకరిగా మిగిలిపోయేవారు.

అసలు కథ ఒక పుస్తకంతో మొదలవుతుంది. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. నాగరత్నమ్మ చేతికి ముందు అచ్చుప్రతి వచ్చింది, తర్వాత రాతప్రతి దొరికింది. రెండూ పోల్చి చూస్తే అచ్చులో కొన్ని పద్యాలు లేవు! ఎవరో తీసేశారన్నమాట. ఆవిడ పూర్తి పాఠాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించారు.

అప్పటికే కందుకూరి వీరేశలింగం ముద్దుపళని కవిత్వాన్ని అసభ్యమని రాసి ఉన్నారు. నాగరత్నమ్మ తన పీఠికలో ఆయనకే ఎదురు ప్రశ్న వేశారు. సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగకవులు ఇంతకంటే పచ్చిగా రాస్తే అవి పాఠ్యపుస్తకాలు ఎలా అవుతున్నాయి అని. వీరేశలింగం అంతటివాడిని, అదీ ఒక దేవదాసి! నాకైతే ఆవిడ కచేరీల కంటే ఈ పీఠికే ఎక్కువ ధైర్యం అనిపిస్తుంది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది.

పాడేవాళ్లు పాటకే పరిమితం కావాలనే పట్టు మన దగ్గరే కాదులెండి. బీథోవెన్ 'ఫిడేలియో'లో 17 ఏళ్లకే నాయిక లియొనోరా పాత్ర పాడి పేరు తెచ్చుకున్న జర్మన్ గాయని విల్హెల్మీన్ ష్రోడర్-డెవ్రియెంట్, 1849 డ్రెస్డెన్ తిరుగుబాటును సమర్థించి చిక్కుల్లో పడింది.

మళ్లీ నాగరత్నమ్మ దగ్గరికి వద్దాం. 1921లో విద్వాంసుడు బిడారం కృష్ణప్ప నుంచి ఉత్తరం వచ్చింది. తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగరాజు సమాధి పాడుబడిపోతోందని. 1847లో పోయిన మనిషి, దేశమంతా పాడేది ఆయన తెలుగే, సమాధిని పట్టించుకునే వాళ్లు లేరు. ఈవిడ తన సొంత డబ్బు పెట్టి, స్థలం సంపాదించి, సమాధి మీద గుడి కట్టించి, 1926 జనవరిలో ప్రతిష్ఠ చేయించారు.

ఇప్పుడు చూడండి తమాషా. పుష్య బహుళ పంచమి నాడు ఆరాధన జరుగుతుంది కదా, అందులో ఆడవాళ్లు పాడకూడదట! గుడి కట్టించిన మనిషికే అక్కడ పాట లేదు. అప్పటికే మగ విద్వాంసుల్లో రెండు కట్చిలు (ముఠాలు అనుకోండి) ఉండేవి. ఆవిడ వాళ్లతో వాదించి ఊరుకోలేదు. 1927 నుంచి ఆడవాళ్లని కూడగట్టి, సమాధి వెనకవైపు వేరే ఆరాధన మొదలుపెట్టారు. మూడో కట్చి అయిందన్నమాట. 1940 ప్రాంతంలో మూడూ కలిశాయి. అప్పటినుంచి ఆడవాళ్లు కూడా సన్నిధిలో పాడుతున్నారు. టీవీలో పంచరత్నాలు పాడే బృందంలో ఆడవాళ్లు వరసగా కూర్చుని కనిపిస్తారే, దాని వెనక ఇంత ఉంది.

పుస్తకం మీద నిషేధం టంగుటూరి ప్రకాశం ప్రధానిగా ఉన్నప్పుడు తొలగింది. వావిళ్ల వారు 1952లో మళ్లీ అచ్చు వేశారు. అదే ఏడాది మే 19న నాగరత్నమ్మ పోయారు. ఆవిడ సమాధి తిరువయ్యారులోనే, త్యాగరాజు సమాధికి ఎదురుగా ఉంది.