నీలిమ చెప్పు మాట

మనుష్యుని పెదవులు, గోళ్ళు నీలముగా మారినచో పల్లెపట్టున తఱచుగా వినవచ్చు మాటలు రెండు: ‘విషమెక్కినది’, ‘గాలి సోకినది’. మొదటి మాటకు పాముమంత్రగాని కొఱకును, రెండవదానికి భూతవైద్యుని కొఱకును పరుగిడుట పూర్వమునుండి వచ్చిన అలవాటు. ఆ పరుగులో పోయిన గడియలు తిరిగి రావు. వైద్యులు ఈ నీలిమను ‘సైనోసిస్’ అందురు. ముదురు నీలమను అర్థముగల గ్రీకుపదమునుండి ఆ పేరు పుట్టినది. ఇది వ్యాధి కాదు. పొగ నిప్పునకు గుర్తయినట్లు, ఇది లోపలి కొఱతకు గుర్తు.

రక్తమునకు రంగునిచ్చునది హీమోగ్లోబిన్. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును గ్రహించినప్పుడు అది నిగనిగలాడు ఎఱుపు. అవయవములకు ఆ వాయువును పంచియిచ్చిన పిమ్మట నల్లనెఱుపు. ఈ నల్లనెఱుపు రక్తమే చర్మము క్రింద మిక్కుటమైనచో పైకి నీలముగా కనబడును. ఆరోగ్యవంతుని 100 మిల్లీలీటర్ల రక్తములో ఇంచుమించు 12 మొదలు 16 గ్రాముల హీమోగ్లోబిన్ ఉండును. సన్నని రక్తనాళములలో సుమారు 5 గ్రాములకు ప్రాణవాయువు లోపించినప్పుడు నీలిమ కంటికి దొరకునని డెన్మార్కు వైద్యుడు లుండ్స్‌గార్డ్ 1919లో లెక్కకట్టెను. ఈ లెక్కలో ఒక చిక్కు దాగియున్నది. రక్తహీనతచే హీమోగ్లోబిన్ సగమునకు తగ్గినవానికి ప్రాణవాయువు ఎంత కొఱవడినను నీలిమ కనబడకపోవచ్చును.

ఎచ్చట చూడవలెనన్నది మఱియొక ముఖ్యవిషయము. మార్గశిరమాసపు చలిలో చెఱువున చాలసేపు ఈదిన బాలుని వ్రేళ్ళు నీలమగును. చలికి చర్మపు నాళములు ముడుచుకొని రక్తము మెల్లగా ప్రవహించుటయే కారణము. ఒడలు వెచ్చబడగానే అది మాయమగును. నాలుక మాత్రము చలికి నీలపడదు. నాలుకయు, పెదవుల లోపలి భాగమును నీలమైనచో రక్తమునందే ప్రాణవాయువు తఱిగినదని గ్రహింపవలెను. చామనచాయ, నలుపు మేనిచాయలవారిలో చర్మమును చూచి పోల్చుకొనుట కష్టము గనుక నాలుకయే నమ్మదగిన సాక్షి.

వెలుపలి గాలినుండి అవయవములవఱకు ప్రాణవాయువు నడచు దారి యొకటి కలదు. ఆ దారి ఎచ్చట తెగినను నీలిమ పుట్టును. జనగామ మెట్టప్రాంతము, గొట్టపుబావులు వచ్చిన పిదప అచ్చటి మోటబావులెన్నో పాడుపడినవి. అట్టి బావుల అడుగున ప్రాణవాయువు లేకుండుట కద్దు. పూడిక తీయుటకు దిగినవాడు పడిపోగా, రక్షింపబోయిన రెండవవాడును పడిపోవును. భూపాలపల్లిలోని సింగరేణి భూగర్భ గనులలో గాలిని యంత్రములతో లోనికి ఆడింతురు. విషవాయువులను అనుదినము పరీక్షింతురు. ఇచ్చట ఒక విచిత్రము: నిప్పంటుకొన్న బొగ్గునుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు సోకినవాని రక్తము నీలపడదు, ఎఱ్ఱగానే యుండును. అందుచే అది మఱింత మోసకారి.

భూపాలపల్లి అడవిపల్లెలకును, మహబూబాబాదు తండాలకును కట్లపాము పరిచితమే. అది రాత్రివేళ నేలపై నిద్రించువారిని కఱచును. నొప్పి స్వల్పము, వాపు లేదు. కఱచినట్లు కొందఱికి తెలియనే తెలియదు. కొన్ని గంటలకు కనురెప్పలు వ్రాలును, మ్రింగుడుపడదు, పిమ్మట ఊపిరి కండరములు చచ్చుబడి దేహము నీలమగును. ఆ నీలము విషపు రంగని లోకుల భ్రమ. అది ఆగిపోవుచున్న ఊపిరి రంగు. కావుననే విషహరమగు మందుతోపాటు కృత్రిమశ్వాస యంత్రము అవసరమగును. నరములు తేఱుకొనువఱకు ఆ యంత్రమే ఊపిరాడించును.

గాలియు, ఊపిరియు చక్కగానున్నను గుండెలో దారి తప్పవచ్చును. కొందఱు శిశువులకు పుట్టుకతోనే గుండెగదుల నడిమి గోడలో రంధ్రముండి, ఊపిరితిత్తులకు పోవు మార్గము ఇఱుకైయుండును. చెడురక్తము శుద్ధికాకయే మంచిరక్తములో కలియును. అట్టి పిల్లవాడు నాలుగడుగులు పరుగెత్తి, మోకాళ్ళు ఱొమ్మునకు చేర్చి గొంతుకూర్చుండును. తోటివారు సోమరియని నవ్వుదురు. నిజమునకు అట్లు కూర్చుండుటచే ఊపిరితిత్తులకు రక్తము కొంత హెచ్చుగా పోవును. ఎవరును నేర్పకయే అతని దేహము కనుగొన్న ఉపాయమది. వ్రేళ్ళ కొనలు ఉబ్బి, గోళ్ళు గుండ్రముగా వంగుటయు ఇట్టివారిలో కాననగును.

1944 నవంబరు 29వ తేదీన అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఇట్టి శిశువునకు తొలి శస్త్రచికిత్స జరిగెను. ఉపాయము హెలెన్ తౌసిగ్ అను వైద్యురాలిది. కత్తి పట్టినవాడు ఆల్ఫ్రెడ్ బ్లేలాక్. ఆ పద్ధతిని కుక్కలపై ముందుగా సాధించి, నాడు బ్లేలాక్ వెనుక నిలిచి సలహాలిచ్చినవాడు వివియన్ థామస్ అను నీగ్రోజాతి సహాయకుడు. అతనికి వైద్యపట్టము లేదు. వర్ణభేదము వలన అతని పేరు చాలకాలము మఱుగుపడినది. మూడవ రోగియగు ఆఱేండ్ల బాలుని పెదవులు శస్త్రచికిత్స బల్లపైననే ఎఱుపెక్కినవట. నేడు ఆ రంధ్రమును మూసి, ఇఱుకును వెడల్పు చేయుచున్నారు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమున పేదపిల్లల గుండె చికిత్సలును చేరినవి. మహబూబాబాదున 2022లోను, జనగామ, భూపాలపల్లులలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి.

ఇక హీమోగ్లోబినే చెడుట కలదు. ఎరువులు, పేడకుప్పలు, మరుగుదొడ్ల ఊటవలన బావినీటిలో నైట్రేటు చేరును. ఆ నీటితో డబ్బాపాలు కలిపి త్రాపిన, ఆఱునెలలు నిండని శిశువు నీలపడవచ్చును. రక్తము గోధుమవన్నె దాల్చును. అమెరికాలోని అయోవాలో కోమ్లీ అను వైద్యుడు 1945లో దీనిని బయటపెట్టెను. మనదేశమున లీటరు త్రాగునీటికి 45 మిల్లీగ్రాములు నైట్రేటు హద్దు. తెలంగాణలో పలుచోట్ల భూగర్భజలము దీనిని మించియున్నది. నీటిని కాచినచో నైట్రేటు పోదు సరికదా, మఱింత చిక్కబడును. దీనికి మందు మెథిలీన్ బ్లూ అను నీలిరంగే యగుట చోద్యము.

వ్రేలికి తగిలించి ప్రాణవాయువును కొలుచు ఆక్సీమీటరు పద్ధతిని జపాను దేశీయుడగు తకువో అయోయాగి 1970-80 దశకమున కనిపెట్టెను. 2020నాటి కరోనా కాలమున అది ఇంటింటికి వచ్చెను. నల్లని చర్మముగలవారిలో అది ఒక్కొక్కప్పుడు ఉన్నదానికంటె హెచ్చు చూపునని ఆ ఏటనే అమెరికాలో జరిగిన పరిశీలన తెలిపినది. అందుచేత అంకె చూచిన పిమ్మటను, వైద్యుడు రోగిని వెలుతురులోనికి త్రిప్పి, నాలుక చాపుమనుచునే యున్నాడు.