పక్షవాతం తగ్గాక ధ్యాస నిలవకపోతే: పటాన్‌చెరు కార్మికుల ప్రశ్నలు

పాశమైలారంలోనో బొల్లారంలోనో ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి పక్షవాతం వచ్చి తగ్గుతుంది. చెయ్యి లేస్తుంది, నడక వస్తుంది. 'మంచిగైంది కదా, డ్యూటీకి రా' అంటాడు కాంట్రాక్టరు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ప్ర: నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. ఇంకా జబ్బేంటి?

జ: కంచంలో కుడివైపు అన్నం తిని, ఎడమవైపుది అలాగే వదిలేస్తాడు. కూర వెయ్యలేదని ఇంటావిడ మీద కసురుకుంటాడు. కూర ఎడమపక్కనే ఉంటుంది. కళ్లు బాగానే ఉన్నాయి. మెదడులో కుడి భాగం దెబ్బతినడంతో ధ్యాస ఆ పక్కకు పోవడం లేదు. ఇంకొందరు ఒక పనిలో ఉండగా ఎవరైనా పిలిస్తే చేస్తున్నది మరిచిపోతారు. ఫోర్క్‌లిఫ్టు నడిపేవాడికి ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

ప్ర: వర్చువల్ రియాలిటీ (వీఆర్)తో బాగవుతుందట, నిజమేనా?

జ: కళ్లకు హెడ్‌సెట్ కట్టుకుంటే ఎదురుగా బజారు కనిపిస్తుంది. ఎడమవైపు నుంచి ఆటో వస్తుంది. తల తిప్పి చూసి దాటాలి. తప్పు చేసినా దెబ్బ తగలదు కాబట్టి సాధనకు అనువే. నయం చేస్తుందనడానికి మాత్రం రుజువు బలంగా లేదు. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2017లో 72 పరిశోధనలను, 2,470 మంది రోగుల ఫలితాలను కలిపి చూసింది. మెదడు పనితీరు విషయంలో తేల్చి చెప్పేంత సమాచారం లేదంది. మామూలు థెరపీ మానేసి, అప్పు చేసి హెడ్‌సెట్ ప్యాకేజీ కట్టడం నా లెక్కలో తెలివితక్కువ పని. కొందరికి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. ఫిట్స్ వచ్చి ఉంటే ముందే చెప్పాలి.

ప్ర: కార్మికుల బీమా పథకం ఈఎస్‌ఐలో ఈ వీఆర్ చికిత్స అడగొచ్చా?

జ: చికిత్స మీ హక్కు, ఫలానా యంత్రం కాదు. నెల జీతం 21,000 రూపాయల లోపు (వికలాంగులకు 25,000) ఉండి ఈఎస్‌ఐ కోత పడుతుంటే ముందు మీ డిస్పెన్సరీకి, అక్కడి నుంచి రెఫరల్‌తో రామచంద్రాపురం ఈఎస్‌ఐ దవాఖానాకో సనత్‌నగర్‌కో వెళ్లండి. 'వీఆర్ కావాలి' అనకండి, 'ధ్యాస పరీక్ష చేసి రాసివ్వండి' అనండి. కాగితం మీద లేని జబ్బు మేనేజరుకు కనపడదు.

ప్ర: పనికి పోలేని రోజులకు జీతం?

జ: అనారోగ్య భృతి కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. పక్షవాతం దీర్ఘకాలిక రోగాల పట్టికలో ఉంది కాబట్టి, ఆ తర్వాత 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగింపు దొరకొచ్చు. అందుకు రెండేళ్ల ఉద్యోగం, నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా కావాలి. ఒక మెలిక: ఆ పట్టికలో కాలూచెయ్యి పడిపోవడం ఉంది గాని, ధ్యాస పోవడం అంటూ విడిగా లేదు. సర్టిఫికెట్‌లో రెండూ రాయించండి.

ప్ర: ఉద్యోగం తీసేస్తే?

జ: 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తొలగించకూడదంటుంది. కాని ఆ గట్టి రక్షణ ప్రభుత్వ సంస్థల ఉద్యోగులకే. రంగులు గుర్తించలేక పని పోయిన ఆర్టీసీ డ్రైవరుకు వేరే పని చూపాల్సిందేనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రైవేటు ఫ్యాక్టరీలో ఇంత బలం లేదు. అయినా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాల్సిన బాధ్యత ప్రైవేటు యాజమాన్యానికీ ఉంది. దాని కాపీ అడిగి, తేలికపాటి పనికి మార్చమని రాతపూర్వకంగా అర్జీ పెట్టండి.

ప్ర: వీఆర్ చికిత్సకు 'పరిశోధన కోసం, ఉచితం' అని పిలిస్తే?

జ: తెలుగులో రాసిన అంగీకారపత్రం చదివి వినిపించమనండి. నైతిక కమిటీ అనుమతి ఉందా అని అడగండి. మధ్యలో మానేసినా మామూలు చికిత్స ఆగకూడదు.

ప్ర: దవాఖానా రికార్డులు ఇవ్వనంటే?

జ: అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళిలోనే ఉంది. అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. ఈఎస్‌ఐ ఫిర్యాదులకు ఉచిత ఫోను 1800-11-2526.