స్టేట్ ఆడినంత మాత్రాన కొలువు రాదు

పాఠశాల క్రీడల కాలం వచ్చిందంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మండలం, జోన్, జిల్లా అంటూ వరుసగా మీట్లు జరుగుతాయి. ఆ వడపోతలో నెగ్గి రాష్ట్ర స్థాయికి వెళ్లిన పిల్లల ఇళ్లలో ఈ మధ్య ఒకే మాట వినిపిస్తోంది: ‘మావోడు స్టేట్ ఆడిండు, ఇగ కొలువు ఎక్కడికి పోతది?’ ఆటలాడితే చెడిపోతారని పిల్లల్ని గదమాయించిన ఊళ్లే ఇప్పుడు ఈ మాట అంటున్నాయి. ఈ మార్పు వెనక ఉన్న కారణం అందరికీ తెలిసిందే. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగంలో కాంస్యం గెలిచింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో ఇంటి స్థలం ప్రకటించింది. ఆ వార్త చదివి పిల్లల్ని మైదానానికి పంపిన తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. కానీ ఆ వార్త చదివి పిల్లల్ని బడి మాన్పించి, అప్పు తెచ్చి హైదరాబాద్ అకాడమీల్లో చేర్పించే తొందర మాత్రం ప్రమాదకరం. స్కూల్ టోర్నమెంటులో గెలుపు పిల్లల్లో సత్తా ఉందని చెబుతుంది, అంతే. దాన్ని ఉద్యోగానికి హామీగా చూడటం పత్తి మొలకలు చూసి క్వింటాళ్లు లెక్కపెట్టుకోవడమే.

ముందు సర్టిఫికెట్ విలువ ఎంతో చూద్దాం. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ‘స్టేట్ ఆడాడు’ అంటే రాష్ట్ర స్థాయి పోటీల్లో తన జిల్లా తరఫున ఆడాడని అర్థం. కేంద్ర ప్రభుత్వ నియామకాల్లో బడి స్థాయి ఆట స్పోర్ట్స్ కోటా కింద లెక్కలోకి రావాలంటే రాష్ట్ర జట్టు తరఫున జాతీయ పాఠశాల క్రీడల్లో ఆడి ఉండాలి. అక్కడా స్థాయిని బట్టి ఫారాలుంటాయి. దేశం తరఫున ఆడినవారికి ఫారం-1, రాష్ట్రం తరఫున జాతీయ పోటీలు ఆడినవారికి ఫారం-2, యూనివర్సిటీ తరఫున ఆడినవారికి ఫారం-3 ఇస్తారు. పాఠశాల జాతీయ పోటీల ఫారం-4 వాటి తర్వాతిదే. జోన్, జిల్లా పత్రాలు ఇంటి గోడకు అందమే తప్ప కోటా దరఖాస్తుకు పనికిరావు. రాష్ట్ర నియామకాల్లో క్రీడాకారులకు 2 శాతం, ఇంజినీరింగ్ ప్రవేశాల్లో అర శాతం ఉన్న మాట నిజమే. అయితే ఆ కొద్ది సీట్లకు అంతర్జాతీయ, జాతీయ పతకాలున్నవారు ముందు వరుసలో ఉంటారు. కోటా కాకపోతే పీఈటీ ఉద్యోగం ఉందిగా అనేవారు 2024 డీఎస్సీ లెక్క చూడాలి. మొత్తం 11,062 పోస్టుల్లో పీఈటీలవి 182 మాత్రమే. రాష్ట్రమంతటికీ కలిపి ఆ సంఖ్య.

అసలు పద్నాలుగేళ్ల వయసులో గెలుపు దేన్ని చూపిస్తుంది? చాలాసార్లు ఎవరు ముందుగా ఎదిగారన్నదే చూపిస్తుంది. అండర్-14 జట్టులో ఏడాది మొదట్లో పుట్టిన పిల్లవాడికీ చివర్లో పుట్టిన పిల్లవాడికీ దాదాపు ఏడాది తేడా ఉంటుంది. ఆ వయసులో ఏడాదంటే నాలుగు వేళ్ల ఎత్తు, అంతకు తగ్గ బలం. ఎత్తుతో పనిపడే బాస్కెట్‌బాల్‌లో, వాలీబాల్‌లో ఈ తేడానే ప్రతిభగా కనిపిస్తుంది. పందొమ్మిదేళ్లకు అందరి ఎదుగుదలా సమమయ్యాక ఆ ఆధిక్యం కరిగిపోతుంది. జర్మనీకి చెందిన ఆర్నె గ్యూలిష్ బృందం 6,096 మంది క్రీడాకారుల వివరాలను క్రోడీకరించి 2021లో వెలువరించిన పరిశీలన ఇంకో అడుగు ముందుకెళ్లింది. పెద్దయ్యాక ప్రపంచ స్థాయికి చేరినవారు చిన్నప్పుడు పలు ఆటలు ఆడారు, తమ ప్రధాన క్రీడను ఆలస్యంగా మొదలుపెట్టారు, మొదట్లో నెమ్మదిగానే ఎదిగారు. చిన్న వయసులోనే మెరిసినవారి తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆరో తరగతి నుంచే ఒకే ఆటకు కట్టేసి, పొద్దున సాయంత్రం కోచింగ్‌తో తోమేసే తల్లిదండ్రులు ఈ మాట రెండుసార్లు చదువుకోవాలి.

బాస్కెట్‌బాల్‌నే తీసుకుంటే లెక్క మరీ కఠినంగా ఉంటుంది. అమెరికాలో ఏటా ఐదు లక్షలకు పైగా అబ్బాయిలు హైస్కూల్ జట్లలో ఆడుతారు. వారిలో ఎన్‌సీఏఏ కాలేజీ జట్లకు చేరేది నూటికి ముగ్గురు నలుగురు. అలా చేరి చివరి ఏడాది దాకా ఆడినవారిలోనూ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో పేరు వచ్చేది నూటికి ఒక్కరికి. స్కూల్ ఆటకు వేల మంది ప్రేక్షకులొచ్చే దేశంలోనే పరిస్థితి ఇది. మన దేశం నుంచి డ్రాఫ్ట్‌కు ఎంపికైన తొలి ఆటగాడు సత్నాం సింగ్. పంజాబ్ పల్లెటూరి పిల్లవాడు, ఏడడుగుల పైచిలుకు ఎత్తు. లూథియానా అకాడమీలో తయారై, పద్నాలుగేళ్లకే స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడా వెళ్లాడు. 2015లో డల్లాస్ జట్టు 52వ ఎంపికగా తీసుకుంది. ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. తర్వాత డోపింగ్ నిషేధం పడింది, ఇప్పుడు అమెరికాలో కుస్తీ ప్రదర్శనల్లో ఉన్నాడు. భారత జట్టుకు ఏళ్ల తరబడి నాయకత్వం వహించి అర్జున అవార్డు అందుకున్న విశేష్ భృగువంశీకి స్థిరమైన ఆధారం మాత్రం ఓఎన్‌జీసీ ఉద్యోగం. 2015లో ఆర్భాటంగా మొదలైన యూబీఏ ప్రొఫెషనల్ లీగ్ కొన్నాళ్లకే మూతపడింది. అంటే మన దగ్గర ఆట ఉద్యోగాన్ని నిలబెట్టడం అరుదు, ఉద్యోగమే ఆటను నిలబెడుతోంది. కబడ్డీలో ప్రో కబడ్డీ వచ్చాక పరిస్థితి కొంత మెరుగైనా, అక్కడున్నవి 12 జట్లు. దేశమంతటి ఊళ్లూ పోటీపడేది ఆ కొద్ది చోట్ల కోసమే.

‘మరి దీప్తికి ఎలా వచ్చింది?’ అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే, కానీ ఆ కథ పూర్తిగా చదవాలి. ఆమె పరుగును మొదట గుర్తించింది ఊరి బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. స్కూల్ పోటీల్లో చూసి కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాద్‌కు రప్పించారు. శిక్షణ భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో జరిగింది, బ్యాడ్మింటన్ కోచ్ గోపీచంద్ చొరవతో ఒక ఫౌండేషన్ అండ దొరికింది. ఏ విభాగంలో పోటీపడాలో వైద్య పరీక్షలు చేయించి మరీ నిర్ణయించారు. కూలి పనులు చేసుకునే ఆ కుటుంబం అకాడమీలకు లక్షలు కట్టలేదు, కట్టగల స్థితిలోనూ లేదు. అదే కల్లెడ బడి నుంచి విలువిద్య నేర్చుకున్న వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచిన అగసర నందిని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అమ్మాయి. ఈ ముగ్గురి విషయంలోనూ ఉమ్మడిగా ఉన్నవి మంచి బడి, పట్టించుకునే ఉపాధ్యాయులు, ప్రభుత్వమో దాతలో భరించిన ఖర్చు, ఏళ్ల తరబడి ఓపిక. తల్లిదండ్రులు తెచ్చిన అప్పు వాటిలో లేదు. ప్రతిభ నిజంగా ఉంటే వెతుక్కుంటూ కోచ్‌లు వస్తారన్నది అతిశయోక్తే అవుతుంది. కానీ డబ్బు కడితేనే ప్రతిభ పుడుతుందనే ప్రచారం అంతకన్నా పెద్ద అబద్ధం.

ఆ ప్రచారం మీదే ఒక వ్యాపారం నడుస్తోంది. జిల్లా మీట్ ముగిసిన వారానికే ‘నేషనల్స్ గ్యారంటీ’ అంటూ ఫోన్లు వస్తాయి. ఎంట్రీ ఫీజు, ప్రయాణం, కిట్టు పేరుతో డబ్బులు వసూలు చేసి, ఎక్కడో గోవాలోనో నేపాల్‌లోనో నాలుగు జట్లతో పోటీ పెట్టి ‘ఇంటర్నేషనల్’ పతకం మెడలో వేస్తారు. గుర్తింపు లేని సంఘం ఇచ్చిన పత్రం నియామకాల పరిశీలనలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. డబ్బు కట్టే ముందు అడగాల్సినవి రెండే: ఈ సంఘానికి కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ గుర్తింపు ఉందా, ఈ పోటీకి ఏ ఫారం ఇస్తారు? జవాబు తడబడితే లేచి వచ్చేయండి. ఇంకో పాడు అలవాటు వయసు తగ్గించి చూపడం. ఎముకల పరీక్షలో దొరికితే నిషేధం పడేది పిల్లవాడి మీద, సలహా ఇచ్చినవారి మీద కాదు. జిమ్ దుకాణంలో కొన్న డబ్బాల పొడులు తాగించడం కూడా అంతే. అందులో ఏముందో అమ్మినవాడికీ తెలియదు. డోపింగ్ పరీక్షలో తేలితే తెలియక తాగాననే సాకు పిల్లల్ని కాపాడదు.

‘చిన్నప్పుడే మొదలుపెట్టకపోతే వెనకబడరా?’ అన్నది రెండో అభ్యంతరం. జిమ్నాస్టిక్స్, ఈత లాంటి కొన్నింటికి ఆ మాట వర్తిస్తుంది. దానికీ ఉచిత దారి ఉంది. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలలు నాలుగో తరగతిలో పిల్లల్ని తీసుకుంటాయి. ఎత్తు, బరువు, పరుగు, దూకడం, శరీరం వంగే తీరు లాంటి పరీక్షలే ఎంపికకు ఆధారం. గిరిజన పిల్లలకు కిన్నెరసాని క్రీడా పాఠశాల ఉంది, గురుకులాల్లో క్రీడా శిక్షణ ఉంది. తర్వాతి దశలో ఖేలో ఇండియాకు ఎంపికైతే నెలకు 10,000 రూపాయల భత్యం, శిక్షణ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. తండా నుంచి వచ్చే పిల్లలకైనా, బొగ్గు గని కార్మికుల పిల్లలకైనా నేను సూచించే మొదటి దారులు ఇవే. వీటిలో ఎంపిక కాకపోతే ఆ వయసుకు ప్రత్యేక శిక్షణ అవసరం లేదని అనుకుని, ఊరి బడిలోనే ఆడనివ్వండి. అథ్లెటిక్స్‌కు, కబడ్డీకి, బాస్కెట్‌బాల్‌కు పదిహేనేళ్లకు మొదలుపెట్టినా ఆలస్యం కాదు.

టెన్త్ తర్వాతే అసలు నిర్ణయం. ఆటగాళ్లకు ‘సులువు’ గ్రూపు ఇప్పించే అలవాటు మానాలి. ఫిజియోథెరపీ వైపు ఆసక్తి ఉంటే ఇంటర్‌లో బైపీసీ కావాలి, గ్రూపు తప్పితే తర్వాత దిద్దుకోవడం కష్టం. డిగ్రీలో చేరి కాకతీయ యూనివర్సిటీ జట్టులో చోటు సంపాదిస్తే ఫారం-3కి దారి తెరుచుకుంటుంది. ఇంకో స్కూల్ పతకం కోసం ఏడాది చదువు ఆపడం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు. బోధన ఇష్టమైతే పీఈసెట్ రాసి డీపీఎడ్, బీపీఎడ్ చేయవచ్చు. శిక్షకులు కావాలనుకునేవారికి 1961 నుంచి పటియాలా ఎన్‌ఐఎస్ ఇస్తున్న డిప్లొమా ఉంది. ఇక స్కూల్ మైదానం అన్నింటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చేది పోలీసు, సైనిక ఉద్యోగాల్లో. 2022 కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులకు 1,600 మీటర్లు, మహిళలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. ఐదారేళ్లు ఆడిన పిల్లలకు అది అలవాటైన పనే, మిగిలేది రాతపరీక్ష. అక్కడ గెలిపించేది చదువే. ఉద్యోగం వచ్చాక ఆట ఆగదు. పోలీసు, రైల్వే జట్లు ఉన్నాయి. సింగరేణిలో కార్మికుల క్రీడా సంఘం ఏటా పోటీలు పెడుతోంది.

ఆడపిల్లల విషయంలో ఒత్తిడి రెండు వైపుల నుంచి ఉంటుంది. గెలిచినంత కాలం ఊరంతా మురిసిపోతుంది. ఇంటర్‌కు వచ్చేసరికి ‘ఇగ చాలు’ అంటుంది. మగపిల్లల్ని అకాడమీకి తోలే ఇల్లే ఆడపిల్లల్ని ఇంటికి లాగుతుంది. రెండు చోట్లా ఎవరూ అడగని మనిషి ఒకరే, ఆ పిల్ల లేదా పిల్లవాడు. ఒకసారి ఓడగానే మొహం ముడుచుకునే తండ్రి దగ్గర పెరిగే పిల్లలు పదహారేళ్లకు ఆటనే అసహ్యించుకుంటారు. ఈ ఏడాది జిల్లా జట్టులో పేరు వచ్చిన పిల్లల ఇళ్లకు నేను చెప్పేది ఇంతే. టెన్త్ పరీక్ష తప్పనివ్వకండి, అప్పు చేయకండి, రాష్ట్ర జట్టులో చోటు వచ్చే దాకా ఊరు వదిలించకండి. ఆట కొనసాగించాలా ఆపాలా అన్నది ప్రతి ఏడాదీ పిల్లల్నే అడగండి. వాళ్లు ఆపుతామంటే అంతకాలం ఆడింది వృథా కాలేదని నమ్మండి.