పలకరింపు కూడా ఆరోగ్యమే
(రొసెటో అనే చిన్న ఊరు నేర్పే పాఠం)

మీకు ఒక చిన్న ప్రశ్న. ఈ రోజు తెల్లవారిన తరువాత మీ ఇంటివాళ్ళు కాక ఎంతమంది మిమ్మల్ని పేరు పెట్టి పలకరించారు? మీరు రెండు రోజులు గడప దాటి బయటికి రాకపోతే, "ఏమైంది, కనిపించడం లేదే?" అని తలుపు తట్టేవారు ఎవరైనా ఉన్నారా?

ఆసుపత్రికి వెళితే బీపీ చూస్తారు, షుగరు చూస్తారు, బరువు తూస్తారు. ఈ ప్రశ్న మాత్రం సాధారణంగా ఎవరూ అడగరు. కానీ ఇది కూడా ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నే. ఎందుకో తెలుసుకోవాలంటే చాలా దూరాన ఉన్న ఒక చిన్న ఊరి సంగతి వినాలి.

రాతి గనుల ఊరు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో రొసెటో అనే చిన్న ఊరు ఉంది. దక్షిణ ఇటలీలో రొసెటో వాల్‌ఫోర్టోరే అనే కొండ గ్రామం ఉంది. అక్కడ బతుకు గడవక 1882 నుండి కొందరు ఓడలెక్కి అమెరికా చేరారు. పలకలు తయారుచేసే రాతిగనుల్లో కూలికి కుదిరారు. ఒకరి వెనుక ఒకరుగా బంధువులు, ఇరుగుపొరుగు వచ్చి చేరారు. కొండవాలులో దగ్గర దగ్గరగా ఇళ్ళు కట్టుకుని, తాము వదిలి వచ్చిన ఊరి పేరే కొత్త ఊరికి పెట్టుకున్నారు.

1890 దశకం చివరలో అక్కడి గుడికి ఫాదర్ పాస్క్వాలే డి నిస్కో అనే గురువు వచ్చారు. ఆయన ప్రార్థనలు జరిపించి ఊరుకోలేదు. పెరట్లో కూరగాయలు, పండ్ల చెట్లు పెంచమని విత్తనాలు పంచారు. సంఘాలు పెట్టించారు. గనిలో కూలివారికి న్యాయమైన జీతం కోసం వారి పక్షాన నిలబడ్డారు. ఊరంతా కలిసి జరుపుకునే కార్మెల్ మాత పండుగ ఆ ఊరికి పెద్ద పండుగైంది. ఊళ్ళో రెండు వేలమంది కూడా లేరు, అయినా ఇరవైకి పైగా సంఘాలు ఉండేవి.

డాక్టర్లకు అంతుపట్టని విషయం

1950 దశకంలో గుండెపోటు అమెరికాను పట్టి పీడిస్తూ ఉండేది. నడివయసు మగవారి మరణాలకు అది ముఖ్య కారణం. ఆ రోజుల్లో స్టీవర్ట్ వుల్ఫ్ అనే వైద్య ఆచార్యుడితో ఆ ప్రాంతంలో చాలా ఏళ్ళు వైద్యం చేసిన డాక్టరు ఒకరు ఒక మాట అన్నారు. రొసెటో వారిలో నడివయసులో గుండెజబ్బు వచ్చినవారు తనకు దాదాపుగా కనిపించడం లేదని.

వుల్ఫ్‌కు ఆశ్చర్యం వేసింది. ఆయన బృందం ఊళ్ళోకి వచ్చి 1955 నుండి 1961 వరకు ఏడేళ్ళ మరణాల రికార్డులు తిరగేసింది. ఊరివారికి రక్త పరీక్షలు, గుండె పరీక్షలు చేశారు. డాక్టరు మాట నిజమేనని తేలింది. చుట్టుపక్కల ఊళ్ళతో పోలిస్తే రొసెటోలో గుండెపోటు మరణాలు సగం కంటే తక్కువ. ఈ ఫలితాలు 1964లో పేరున్న వైద్య పత్రికలో అచ్చయ్యాయి.

మరి కారణమేమిటి? ఒక్కొక్కటిగా పరిశీలించారు.

తిండి వల్లనా? కాదు. వాళ్ళు ఖరీదైన ఆలివ్ నూనె మాని, చౌకగా దొరికే పంది కొవ్వుతో వండుకునేవారు. లావుగా ఉన్నవారు చాలామంది. పొగతాగేవారికీ కొదవ లేదు.

వంశం వల్లనా? అదీ కాదు. అదే ఇటలీ గ్రామం నుండి వచ్చి అమెరికాలో వేరే చోట్ల స్థిరపడిన బంధువులకు ఈ రక్షణ కనిపించలేదు.

గాలి, నీరు వల్లనా? ఒక మైలు దూరంలోనే బ్యాంగర్ అనే ఊరుంది. రెండు ఊళ్ళదీ ఒకే నీరు, ఒకే డాక్టర్లు, ఒకే ఆసుపత్రి. అయినా బ్యాంగర్‌లో గుండెపోట్లు మామూలుగానే ఉన్నాయి.

చివరకు వుల్ఫ్, సామాజిక శాస్త్రవేత్త జాన్ బ్రూన్ ఊళ్ళో మనుషులు ఎలా బతుకుతున్నారో గమనించారు. ఒకే ఇంట్లో మూడు తరాలవారు ఉన్నారు. తాతకు, అమ్మమ్మకు ఇంట్లో మాట చెల్లుతుంది. సాయంత్రం కాగానే వీధిలోకి వచ్చి ఒకరి గుమ్మం ముందు ఒకరు ఆగి మాట్లాడుకుంటారు. ఎవరికైనా పని పోతే పదిమంది ఆదుకుంటారు. డబ్బున్నవారు తమ గొప్ప చూపించుకోవడాన్ని ఊరు మెచ్చుకోదు, కనుక లేనివారికి చిన్నతనం లేదు. ఈ ఊళ్ళో ఎవరూ తాము ఒంటరివారమని అనుకోవడానికి వీలు లేదు. వారి గుండెను కాపాడుతున్నది ఇదేనని ఆ పరిశోధకులు అభిప్రాయపడ్డారు.

తరువాత ఏం జరిగింది?

కథ ఇక్కడితో ఆగిపోతే దీన్ని ఒక వింతగా చదివి మరచిపోవచ్చు. కానీ 1960 దశకంలో రొసెటో మారడం మొదలైంది. పిల్లలు చదువుకుని ఉద్యోగాలకు బయటి ఊళ్ళకు వెళ్ళారు. చేతిలో డబ్బు ఆడింది. ఊరి అంచున విశాలమైన ఇళ్ళు లేచాయి. ఇంటికీ ఇంటికీ మధ్య కంచెలు వచ్చాయి. పెద్ద కార్లు వచ్చాయి. వీధిలో కూర్చునే సాయంత్రాలు తగ్గాయి.

ఇలా మారితే గుండెజబ్బులు పెరుగుతాయని పరిశోధకులు ముందే అన్నారు. అలాగే జరిగింది. 1971లో ఆ ఊళ్ళో 45 ఏళ్ళ లోపు మనిషి ఒకరు గుండెపోటుతో చనిపోయారు. అలాంటి మరణం అక్కడ అదే మొదటిది. 1935 నుండి 1985 వరకు రొసెటో, బ్యాంగర్ ఊళ్ళ మరణాలను పోల్చిన అధ్యయనం 1992లో వెలువడింది. మొదట్లో ఎంతో తక్కువగా ఉన్న రొసెటో గుండెపోటు మరణాలు కాలక్రమాన పెరిగి పక్క ఊరితో సమానమయ్యాయని అది చూపించింది.

ఇందులో మనకు ఒక హెచ్చరిక ఉంది. ఆ ఊరివారు చెడు చేయాలని అనుకోలేదు. పిల్లలు చదువుకోవాలి, మంచి ఇల్లు ఉండాలి అనే కోరుకున్నారు. మనం కోరుకునేదీ అదే. సంపాదించుకున్నదానితో పాటు పోగొట్టుకుంటున్నదేమిటో వారు లెక్క చూసుకోలేదు, అంతే.

తోడు ఉంటే ఒంటికి మేలు ఎలా?

దిగులు, భయం కలిగినప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోనులను విడుదల చేస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. కాసేపు అయితే నష్టం లేదు. నెలల తరబడి అలాగే ఉంటే రక్తనాళాలు దెబ్బతింటాయి. కష్టం చెప్పుకునే మనిషి ఉంటే ఆ బరువు కొంత దిగుతుంది.

రెండవది, తోడున్నవారు వేళకు తింటారు, మందులు మరచిపోరు, ఒంట్లో బాగాలేకపోతే ఎవరో ఒకరు బలవంతంగానైనా ఆసుపత్రికి తీసుకువెళతారు. ఒంటరివారు నిద్ర పట్టక, తాగుడుకో పొగకో అలవాటుపడి, జబ్బు ముదిరేదాకా ఆగిపోతుంటారు.

2010లో 148 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, మంచి మానవ సంబంధాలు ఉన్నవారు బతికి ఉండే అవకాశం మిగిలినవారి కంటే 50 శాతం ఎక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు.

పొరపాటుగా అర్థం చేసుకోవద్దు

"అయితే నలుగురితో కలిసి ఉంటే చాలు, బీడీ మానక్కరలేదు" అనుకోకండి. రొసెటో చిన్న ఊరు, దాని లెక్కలు కూడా చిన్నవే. అందుచేత ఆ ఫలితాల మీద ప్రశ్నలు లేవనెత్తిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. పొగాకు, అధిక రక్తపోటు, చక్కెర వ్యాధి, కొలెస్టరాల్ గుండెకు శత్రువులన్నది రుజువైన సత్యం. డాక్టరు రాసిన మందులు మానకూడదు. పలకరింపు మందుకు తోడు, మందుకు బదులు కాదు.

మన ఊరి సంగతి

మన చిన్న పట్టణాల్లో ఒకప్పుడు ఇంటి ముందు అరుగు ఉండేది. దారిన పోయేవారు కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళేవారు. ఇప్పుడు చాలా ఇళ్ళకు అరుగు పోయి ప్రహరీ, ఇనుప గేటు వచ్చాయి. పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, గల్ఫ్, అమెరికా వెళ్ళారు. పెద్ద ఇంట్లో ఇద్దరు వృద్ధులు, కొన్నిచోట్ల ఒక్కరే మిగిలారు. సాయంత్రం టీవీ, అది కాకపోతే సెల్‌ఫోను.

ఇంకొక సంగతి కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. ఊరి బంధం ఎప్పుడూ మేలే చేస్తుందని చెప్పలేము. "నలుగురూ ఏమనుకుంటారో" అన్న భయంతో క్షయను దాచుకునేవారు ఉన్నారు. మనసు బాగాలేదని చెప్పుకోలేక కుమిలిపోయేవారు ఉన్నారు. భర్త కొట్టినా బయటపెట్టని అక్కచెల్లెళ్ళు ఉన్నారు. రోగిని చూడడానికి వచ్చి జబ్బు పేరు ఊరంతా చాటితే అది పరామర్శ కాదు. పైగా మన పలకరింపు చాలాసార్లు కులం గీత దగ్గర ఆగిపోతుంది. రొసెటోవారంతా ఒకే ఊరి నుండి వచ్చినవారు, వారికి కలిసి ఉండడం కొంత తేలిక. మనం ఆ గీత దాటాలి. మన పని కష్టం, కనుకనే దానికి విలువ ఎక్కువ.

మనం చేయగలిగినవి

1. మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న పెద్దవారు ఎవరో గుర్తించండి. రోజూ ఒక్కసారి, పాలు తెచ్చుకునే వేళలోనో, నీళ్ళు పట్టుకునే వేళలోనో, "బాగున్నారా పిన్నిగారూ, మందు వేసుకున్నారా?" అని అడగండి.

2. వారి పిల్లల ఫోను నంబరు మీ దగ్గర, మీ నంబరు వారి పిల్లల దగ్గర ఉండేలా చూడండి.

3. బీపీ, షుగరు పరీక్షకు వెళ్ళేటప్పుడు పక్కింటివారిని కూడా రమ్మనండి. ఒంటరిగా వెళ్ళడానికి బద్ధకించేవారు తోడుంటే వస్తారు.

4. సాయంత్రం అరగంట నడవండి, ఇద్దరు ముగ్గురు కలిసి నడవండి. వ్యాయామమూ అవుతుంది, మాటా కలుస్తుంది.

5. ఎవరైనా తమ జబ్బు గురించి చెబితే వినండి. ఆ మాట మీ దగ్గరే ఉంచండి.

6. దిగులుతో బాధపడేవారికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 చెప్పండి. ఈ ఫోను సాయం ఉచితం.

7. వీధిలో మీరు ఇంతవరకు గడప తొక్కని ఇల్లు ఒకటి ఉంటుంది. ఈ నెలలో ఆ ఇంటికి ఒకసారి వెళ్ళి రండి.

పొరుగింట్లో గుండెపోటు వస్తే

గుండెపోటు వచ్చినప్పుడు మొదట చేరుకునేది పొరుగువారే. ఈ గుర్తులు తెలుసుకోండి: ఛాతీ మధ్య బరువుగా, పిండినట్టు నొప్పి, అది ఎడమ చేయి, దవడ, వీపు వైపు పాకడం, చెమటలు, ఆయాసం, వాంతి వచ్చినట్టుండడం. ఆడవారిలో, షుగరు ఉన్నవారిలో ఛాతీనొప్పి లేకుండా కేవలం నీరసం, ఆయాసం, కడుపు పైభాగంలో మంట ఉండవచ్చు.

"గ్యాసు నొప్పిలే" అని సోడా తాగించి కూర్చోబెట్టవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. రోగిని నడిపించవద్దు. మనిషి స్పృహ తప్పి ఊపిరి మామూలుగా తీయకపోతే గట్టి నేల మీద పడుకోబెట్టి, ఛాతీ మధ్య రెండు చేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తక్కువ కాకుండా నొక్కుతూ ఉండండి. సాయం అందేవరకు ఆపవద్దు. అలసిపోతే మరొకరు అందుకోవాలి. అందుకే నలుగురికీ ఇది తెలిసి ఉండాలి.

మీరే ఆలోచించండి

1. మీ వీధిలో పది ఇళ్ళవారి పేర్లు చెప్పగలరా?
2. అర్ధరాత్రి మీకు కష్టం వస్తే తలుపు తట్టగలిగిన ఇల్లు ఏది?
3. అలా తట్టగలిగిన ఇల్లుగా మీ ఇల్లు ఎవరికి ఉంది?

మూడవ ప్రశ్నకు జవాబు వెంటనే తట్టకపోతే బాధపడకండి. ఈ పుస్తకం పక్కన పెట్టి, ఒకసారి గేటు తీసి బయటికి రండి. ఎదురింటి ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉండవచ్చు. "భోజనం అయిందా?" అని అడగండి. దానికి ఖర్చు లేదు, చీటీ అక్కరలేదు.